వదులుగా వచ్చిన గాజులు

“ఇవి ఏ సైజు?”

ఆండాలు గల్లా బల్ల మీద రెండు లక్క గాజులు పెట్టి చేయి వెనక్కి తీసుకుంది.

అనురాగ్ వాటిని ముట్టుకోలేదు. మూడు తరాలుగా లాడ్ బజార్‌లో గాజులమ్మే ఇంట్లో పుట్టినవాడికి ముట్టుకోవలసిన అవసరమూ లేదు. చూపుతోనే కొలుస్తాడు. ఆ కొలత అతని కళ్ళకు అందడమూ, అందిన మరుక్షణం అతను చూపు తిప్పుకోవడమూ ఆమె గమనించింది.

“కొలిచి చెప్పాలె మేడమ్. చూడంగనే ఎట్ల తెలుస్తది?”

“ఇందాక నేను మెట్లెక్కుతుంటే ఒక గిరాకి వచ్చింది. ఆమె చేయి చాపకముందే ‘అమ్మా, మీది దో ఛే’ అన్నావు. నీ పెళ్ళాం గాజులకు మాత్రం కొలతబద్ద కావాలా?”

గోడ గడియారం మూడు గంటల పది నిమిషాలు చూపిస్తోంది. ఆండాలు చేతిలో ఉన్నది ఇంకా గంటా యాభై నిమిషాలు.

ఆ గడువు పెట్టింది డాక్టర్ లావణ్య. మధ్యాహ్నం ఆసుపత్రి వరండాలో ఆమె విషయాన్ని దాచకుండా చెప్పింది. అనురాగ్ భార్య సాయిప్రియకు ఇరవై ఆరేళ్ళు. ఒంటిని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే మూత్రపిండాల వడపోత మీద దాడి చేసి, అక్కడ వాపు పుట్టించే జబ్బు మూడేళ్ళ కిందట బయటపడింది. రోజూ వేసుకునే స్టెరాయిడ్ మాత్రలు దాన్ని అదుపులో పెట్టాయి. సోమవారం, ఇరవై ఏడో తారీఖు తెల్లవారుజామున ఐదూ యాభైకి ఆమెను మోసుకొచ్చారు. అప్పటికే ఒక పగలూ ఒక రాత్రీ మూత్రం చుక్క రాలేదు. ఇప్పుడు డయాలిసిస్ యంత్రం మీద ఉంది.

“సూది గుచ్చి మూత్రపిండం ముక్క తీసి చూద్దామంటే రక్తం గడ్డకట్టడం లేదు. చూడకుండానే నిర్ణయించాలి,” అంది డాక్టర్. “మాత్రలు వేసుకుంటుండగానే ఇలా అయిందనుకోండి, ఆ మందు ఓడిపోయినట్టు. అంతకంటే కఠినమైనది ఎక్కించాలి. కానీ ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ ఉంది. ఆ కఠినమైన మందే ఆమెను చంపవచ్చు. మాత్రలు అందక ఇలా అయితే, పాత మందునే పెద్ద మోతాదులో ఇస్తే చాలు. ఆమెనడిగితే అన్నీ వేసుకున్నానంటోంది. భర్తా అదే అంటున్నాడు. సాయంత్రం ఐదు దాటితే ఆగలేను. ఏదో ఒకటి మొదలుపెట్టాలి.”

ఆండాలు ముప్పై ఒక్క సంవత్సరాలు డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసి రిటైరైన మనిషి. దేవుణ్ణి ఎలా నమ్మదో, మందుల పెట్టె మీద అచ్చువేసిన మాటనూ అలాగే నమ్మదు. ఆమెను పిలిపించింది సాయిప్రియ తండ్రి లక్ష్మయ్య. జల్‌పల్లిలో ఎనిమిది బర్రెలను పెట్టుకుని పాలు పోసే మనిషి. కూతురి ఫోటో చూపించడానికి కళ్ళు తుడుచుకుంటూ అంగీ జేబులో చేయి పెడితే ఫోటోతోపాటు వెడల్పాటి రేకు పట్టీ ఒకటి జారిపడింది. దానిమీద బర్రె తల బొమ్మ. “బర్రె ఒకటి కుంటుతున్నదక్కా,” అంటూ వంగి తీసుకున్నాడు. ఆండాలు ఫోటో చూసింది. ఆ తర్వాత నర్సు కాగితం సంచిలో పెట్టి ఇచ్చిన ఈ గాజులను చూసింది.

“సెలైన్ పెట్టాలని తీశాం మేడమ్. సబ్బు కూడా పడలేదు, జారి వచ్చేశాయి,” అంది నర్సు.

ఆ ఒక్క వాక్యమే ఆమెను ఈ దుకాణానికి నడిపించింది.

“వాపు ఎప్పుడు మొదలైంది?” అని ఇప్పుడు అడిగింది.

“ఆదివారం రాత్రి. పది గంటలకు.”

“అంతకుముందు?”

“ఏం లేదు. మంచిగనే ఉండె. ఆదివారం సాయంత్రం లైవ్ గిట్ల కూడా చేసింది.”

ఆ దుకాణానికి లైవ్ అంటే సగం వ్యాపారం. సాయిప్రియ రోజూ ఫోన్ ముందు కూర్చుని, తన చేతులకు గాజులు తొడిగి చూపిస్తుంది. చూసేవాళ్ళు ఇళ్ళ నుంచి ఆర్డర్లు పెడతారు. దుకాణం బోర్డు మీద ఉన్నది కూడా ఆమె ముఖమే.

“పెళ్ళినాడు ఆమెది దో చార్,” అంది ఆండాలు. “రెండు అంగుళాల మీద పదహారింట నాలుగు వంతులు. మీ పెళ్ళి వీడియోలో నువ్వే గర్వంగా చెప్పావు. బల్ల మీద ఉన్నవి దో దస్. మూడు సైజులు పెద్దవి. రాత్రికి రాత్రే వాచిన చేతికి పాత గాజులు మాంసంలో దిగబడి ఉండాలి. కోసి తీయవలసి రావాలి. ఇవి వదులుగా వచ్చాయి. అంటే ఆ చేయి నెమ్మదిగా వాచింది. అది వాచుతున్నకొద్దీ ఎవరో పక్కన కూర్చుని గాజులు మారుస్తూ వచ్చారు.”

“ఆడోళ్ళు ఏవో ఒకటి ఏసుకుంటరు మేడమ్. నేను రోజూ చూస్తనా?”

“గాజుల వ్యాపారి పెళ్ళాం చేతికి బిగుతు గాజులుంటే బజారంతా నవ్వుతుంది. నువ్వు చూస్తావు. ఇంకొకటి చెప్పు. పన్నెండో తారీఖు దాకా లైవ్ పొద్దున పదకొండింటికి. పదమూడు నుంచి సాయంత్రం ఆరింటికి. ఎందుకు మార్చావు?”

“సాయంత్రం పబ్లిక్ ఎక్కువుంటది.”

“సగానికి పడిపోయింది. వీడియోల కిందే అంకెలున్నాయి, వస్తూ దారిలో చూశాను. మూత్రపిండాల వాపుకు ఒక అలవాటుంది అనురాగ్. పొద్దున ముఖంలో ఉంటుంది. మనిషి లేచి తిరిగేకొద్దీ కాళ్ళలోకి దిగుతుంది. సాయంత్రానికి ముఖం కాస్త ముఖంలా కనిపిస్తుంది. ఈ సంగతి డాక్టర్లకు తెలుసు. ఆ ముఖాన్ని రోజూ గంట గంటకూ చూస్తూ లెక్కపెట్టుకున్నవాడికీ తెలుస్తుంది.”

“పైకి నడువు,” అంది ఆండాలు. “లైవ్ గది చూపించు.”

పై గదిలో గుండ్రని దీపం, నల్ల మఖమల్ పరిచిన బల్ల, కుర్చీ, గోడ నిండా కొక్కేలకు గాజుల దండలు. బల్ల మీద ఒక లక్క భరిణె ఉంది. ఏడు అరలు, ఏడు రోజులు. ఇంటికి బంధువులు వస్తుంటారు, దుకాణానికి గిరాకులు వస్తుంటారు; మాత్రల రేకులు కంటపడితే కోడలికి జబ్బని తెలుస్తుంది. అందుకని ప్రతి ఆదివారం పొద్దున అనురాగే మాత్రలను రేకుల్లోంచి ఊడదీసి భరిణెలో సర్దుతాడు. ఇంటి పరువు కాపాడే ఏర్పాటు అది.

ఆదివారం అర ఖాళీగా ఉంది. సోమవారం నుంచి శనివారం దాకా ఒక్కో అరలో నాలుగేసి తెల్లని మాత్రలు ఉన్నాయి.

“చూసుకోండి,” అన్నాడు అనురాగ్, గొంతులో ధైర్యం తెచ్చుకుని. “ఆదివారం దాంక ఏసుకుంది. లెక్క కరెక్ట్ ఉంది.”

“లెక్క సరిగ్గానే ఉంది,” అని ఆండాలు ఒక మాత్ర తీసి నాలుక మీద పెట్టుకుంది.

“అరెరే ఆండాలమ్మా!” మెట్ల మీది నుంచి నవ్వు వినిపించింది. “సర్కారు కొలువు ఇడిసిపెట్టినా నాలుక కొలువు ఇడిసిపెట్టలేదా?”

బాబురావు. పోలీసు శాఖలో ఇన్‌స్పెక్టర్‌గా రిటైరై, నయాపూల్‌లో ప్రైవేటు డిటెక్టివ్ బోర్డు కట్టుకున్నవాడు. అతన్ని పెట్టుకున్నది అనురాగ్ తండ్రి బాలకిషన్. అతని వెనకాలే చేతులు కట్టుకుని ఒక నడివయసు స్త్రీ వచ్చింది. గిరాకుల చేతులకు గాజులు తొడిగే బేబీ.

“నేను పొద్దున్నే పని ఖతం జేసుకున్న,” అన్నాడు బాబురావు, ఒక కాగితం ఆడిస్తూ. “బేబీ సంతకం పెట్టింది. ఆ పిల్ల గోలీలు మింగకుంట కిటికీలకెంచి పారేస్తుండె అని. ఎవరి జబ్బుకు వాళ్ళే జిమ్మేదార్. ఇగ నీకీడ ఏం పని?”

ఆండాలు ఉమ్మిని రుమాలులోకి తీసుకుంది. “స్టెరాయిడ్ మాత్ర రుచి ఎలా ఉంటుందో తెలుసా బాబురావ్?”

“నాకెందుకు? నాకు షుగర్ ఉంది.”

“కటిక చేదు. నాలుకకు తగిలితే అరగంట వదలదు. ఇది సుద్దముక్కలా ఉంది, చివర కాస్త తీపి. ఎముకల కోసం వేసుకునే సున్నం బిళ్ళ. నాలుగూ అవే.” ఆమె మరో రెండు మాత్రలను కవరులో వేసి అంటించింది. “ఆ పిల్ల ఏమీ పారేయలేదు. రోజూ శ్రద్ధగా సున్నం మింగింది.”

బాబురావు నవ్వు ఆగింది కాని నోరు ఆగలేదు. “సున్నం ఇస్తే కేసేంది? ఏ సెక్షన్? కడుపుల విషం దొరికిందా? దొరకలే. విషం లేని కాడ హత్య ఎట్లయితది మేడమ్?”

“అన్నం పెట్టకుండా చంపినవాడి కంచంలో కూడా విషం దొరకదు.”

ఆమె బేబీ వైపు తిరిగింది. “అమ్మా, సాయిప్రియకు గాజులు తొడిగేది నువ్వేనా?”

బేబీ అనురాగ్ వైపు చూసింది. బాబురావు అడ్డం వచ్చాడు. “ఆమె చెప్పేది చెప్పింది. కాగితం మీదున్నది.”

“కాగితం మీద గాజుల మాట లేదు కదా. నేను మాత్రల గురించి అడగడం లేదు. సైజుల గురించి అడుగుతున్నాను. ఇరవై ఏళ్ళ నీ పని అది.”

పని మాట వచ్చేసరికి బేబీ తల ఎత్తింది. అబద్ధం మీద సంతకం పెట్టగలిగిన మనిషి సైజు తప్పు చెప్పలేకపోయింది.

“నేనే ఏసిన. మాల్ గురువారం గురువారం దిగుతది, అందుకే యాదికున్నది. తొమ్మిదో తారీఖు దో ఛే ఏసిన. పదహారుకు దో ఆఠ్. ఇరవై మూడుకు దో దస్. ఈ అనురాగ్ సేటే తెచ్చిచ్చిండు. లైవ్ల మాత్రం దో చార్ అనే చెప్పమన్నడు. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని, ‘బేబక్కా, నేను బలుస్తున్ననా’ అని అడిగింది. అవును బిడ్డా, మంచిగ బలుస్తున్నవ్ అన్న. గట్ల చెప్పమన్నరు.”

“బేబీ!” అని అరిచాడు అనురాగ్.

“అరవకు,” అంది ఆండాలు. ఆమె గొంతు పెరగలేదు. “మాత్రలు ఎన్నో తారీఖున మార్చావు? నీ పరువు నాకు అక్కరలేదు. తారీఖు కావాలి. ఐదు గంటలకు ఆమెకు తప్పు మందు ఎక్కితే, అప్పుడు ఈ బాబురావు కూడా నీకు సెక్షన్ వెతికి ఇస్తాడు.”

బాబురావు ఒక అడుగు వెనక్కి వేశాడు. తన కక్షిదారును అంచనా వేసే కొత్త చూపు ఒకటి అతని కళ్ళలోకి వచ్చింది. అనురాగ్ అది చూశాడు. కుర్చీలో కూలబడ్డాడు.

“ఒకటో తారీఖు సంది,” అన్నాడు.

“ఎందుకు?”

“ఆ గోలీలతోని ముఖం గుండ్రంగ అయింది మేడమ్. కామెంట్లల్ల గుమ్మడికాయ అని రాస్తుండ్రు. బోర్డు మీదున్న పిల్ల ఏది, ఈమె ఎవరు అని అడుగుతుండ్రు. పెళ్ళిళ్ళ సీజన్. ఒక్క నెల ఆపి, ముఖం తగ్గినంక మల్ల ఇద్దామనుకున్న. చంపాలని కాదు. నాకేం తెలుసు, తగ్గుతదనుకున్న ముఖం ఇంక వాచె.”

“వాచుతున్నప్పుడు?”

అతను గుండ్రని దీపం వైపు చూశాడు. “సీజన్ ఇంక పదిరోజులే ఉండె.”

బేబీ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆండాలు అతన్ని తిట్టలేదు. తిట్టడానికి పట్టే సమయం కూడా ఆమె దగ్గర లేదు. మూడూ యాభై రెండుకు డాక్టర్ లావణ్యకు ఫోన్ చేసింది.

“ఒకటో తారీఖు నుంచి స్టెరాయిడ్ అందలేదు. బదులుగా సున్నం బిళ్ళలు. భర్త ఒప్పుకున్నాడు.”

అవతల దీర్ఘంగా ఊపిరి వదిలిన శబ్దం. “అయితే పాత మందే. ఇప్పుడే మొదలుపెడతాను. థాంక్స్ మేడమ్. కానీ ఒకటి కుదరడం లేదు,” అంది డాక్టర్. “జబ్బు తిరగబెడితే మూత్రపిండాలు వారాల మీద నీరసిస్తాయి. ఈమెకు శుక్రవారం దాకా మూత్రం మామూలుగానే వచ్చింది. ఆదివారానికి సున్నా. ఇది జబ్బు ఒక్కటే చేసే పని కాదు. అప్పటికే వాచిన మూత్రపిండాన్ని ఎవరో గట్టిగా తన్నారు. నా అనుమానం నొప్పి మాత్రల మీద. ఇలాంటివాళ్ళకు అవి నిప్పు. ఇంకో మోతాదు పడిందంటే నా చేతిలో ఏమీ ఉండదు. వివరం కనుక్కోండి. నేను వార్డులోకి వెళ్తున్నాను, ఫోన్ బయట పెట్టేస్తాను.”

ఆండాలు అనురాగ్ వైపు తిరిగింది. “నొప్పి మాత్రలు ఎన్ని ఇచ్చావు?”

అతను తలెత్తి చూశాడు. ఆ ముఖంలో ఆ మధ్యాహ్నం మొదటిసారిగా కల్తీ లేని ఆశ్చర్యం కనిపించింది. “నొప్పి గోలీలా? నేనెందుకిస్త మేడమ్? పెద్దక్షరాలతోని ఎర్రగ రాసిచ్చిరి, నొప్పి గోలీలు బంద్ అని. ఫైల్ చూడుండ్రి.”

“ఇగ అన్నీ ఈయన నెత్తిమీదనే ఏస్తవా?” అన్నాడు బాబురావు. ఆ మాటలో మునుపటి బలం లేదు.

“లేదు,” అంది ఆండాలు. “ఇతను దొంగ. కాని ఈ ఒక్క మాట నిజం చెబుతున్నాడు. బేబీ, స్టెరాయిడ్ ఆగితే ముందు కీళ్ళు పట్టేస్తాయి. ఆమె పిడికిలి మూయగలిగేదా?”

“ఎక్కడమ్మా! పదిహేనో తారీఖు సంది మస్తు నొప్పులు. గాజు తొడుగుతుంటే ఏడ్చేది. ఇరవై సంది మల్ల మంచిగయింది. నవ్వుకుంట కూసునేది. ‘మా బాపు పాలు తాగుతున్న గద, ఇగ నాకేం ఫికర్’ అనేది.”

“ఏం పాలు?”

“ఆళ్ళ బాపు రోజూ పొద్దున ఏడింటికి తెచ్చేది. కింద ఎవ్వరికీ ఇయ్యకపోయేది. పైకే వచ్చి, నిలబడి, అడుగు దాంక తాపి పోయేది.”

“గిన్నె ఏది?”

బేబీ బల్ల కింద వెతికి ఒక చిన్న స్టీలు పాల క్యాను బయటికి తీసింది. ఆదివారం తెచ్చింది, సోమవారం గందరగోళంలో ఎవరూ కడగలేదు. పెళ్ళి సామాను గిన్నెల మీద చెక్కించినట్టు దాని అంచు చుట్టూ చుక్కలు చుక్కలుగా పేరు చెక్కి ఉంది: జల్‌పల్లి లక్ష్మయ్య. మూత తీస్తే పులిసిన పాల వాసన వచ్చింది. అడుగున ఎండిన మీగడ కింద, ఇసుకలా గరుకుగా, తెల్లని పొడి అంటుకుని ఉంది.

ఆండాలు వేలితో తీసి నాలుకకు రాసుకుంది.

ఈసారి చేదుగా ఉంది.

వెడల్పాటి రేకు పట్టీ కళ్ళముందు మెదిలింది. మనుషుల మాత్రలకు అంత పెద్ద రేకు ఉండదు. దాని మీద బర్రె తల. ‘బర్రె ఒకటి కుంటుతున్నదక్కా.’ ముప్పై ఒక్క సంవత్సరాలు పెట్టె మీది అక్షరాన్ని నమ్మని మనిషి, కన్నీళ్ళు పెట్టుకున్న తండ్రి జేబును మాత్రం సోదా చేయకుండా వదిలేసింది. ఆ నమ్మకానికి ఆధారం ఏమీ లేదు.

గడియారం నాలుగూ ఏడు. వార్డులో చూడ్డానికి మనుషులను వదిలేది నాలుగింటికి.

డాక్టర్ ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. వార్డు నంబరు ఎవరూ ఎత్తలేదు. ఆండాలు మెట్లు దిగుతూనే లక్ష్మయ్యకు చేసింది. రెండో రింగుకే ఎత్తాడు.

“లక్ష్మయ్యా, ఎక్కడున్నావు?”

“బిడ్డ కాడనే అక్కా. ఇప్పుడే లోపలికి ఇడిసిండ్రు. దొరికిండా వాడు?”

“దొరికాడు. ఒక్క మాట చెప్పు. రోజూ పాలలో ఏం కలిపావు?”

వెనక యంత్రాల కూత వినిపిస్తోంది. అతను గొంతు తగ్గించాడు.

“కోప్పడకక్కా. ఫోన్ల ఏడ్చింది, చేతి ఏళ్ళు ముడ్చుకుంటలేవు బాపూ అని. ఆళ్ళింట్ల చెప్తే సూపెట్టరు. మా బర్రెలకు కాళ్ళు పడితే ఏసే గోలీ ఉంటది. నోరులేని జీవాలు గంటల లేచి నడుస్తయి. దాంట్లకెంచి పావు ముక్క నూరి పాలల్ల కలిపిన, అంతే. పాలల్ల ఏస్తే వేడి చెయ్యదు. రెండే రోజులల్ల నవ్వింది నా బిడ్డ.”

“లక్ష్మయ్యా, విను. ఆ గోలీయే ఆమెను పడగొట్టింది. ఫోన్ డాక్టరమ్మకు ఇవ్వు. ఇప్పుడే. పాలు పారబొయ్యి.”

“ఏం పాలక్కా?” అన్నాడు. అతని గొంతులో భయం ఇంకా చేరలేదు. ఖాళీ ఫ్లాస్కు మూత తిప్పుతున్న చప్పుడు మాత్రం వినిపించింది. “సుక్క మిగల్చకుంట తాగింది గద. ఈడ సూదులతోని నొప్పి జాస్తి ఉన్నదని, ఇయ్యాల పూరా గోలీ ఏసిన.”